మింగకూడని గుక్క

మా అన్న ఇంట్లో పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనని నలుగురి ముందూ ఒట్టు పెట్టుకున్నవాణ్ణి నేను. నా చేనికి వెళ్ళే దారికి అడ్డంగా వాడు వేయించిన కంచె తీసేదాకా ఆ ఒట్టు మీదే ఉంటానని పాలకేంద్రం దగ్గర నిలబడి చెప్పాను. మా వైపు ఇలాంటి మాటకి కోర్టు కాగితం కన్నా విలువెక్కువ. తగాదాలో ఉన్న ఇంట్లో గ్లాసుడు మజ్జిగ తాగినా రాజీ పడ్డట్టే లెక్క. ఆ తర్వాత మన తరఫున సాక్ష్యం చెప్పడానికి ఎవడూ రాడు. గురజాల కోర్టులో నేను వేసిన దావాకి సాక్షులు తప్ప వేరే బలం లేదు. అందుకని ఆ ఇంటిది ఏదీ నా గొంతు దిగకూడదు.

వాడు అని రాస్తున్నందుకు కొందరు నొచ్చుకోవచ్చు. నాకన్నా పెద్దవాడే. ఎదురుపడినా వాణ్ణి వరస పెట్టి పిలవడం మానేసి చాలా కాలమైంది. నాన్న పంచినప్పుడు రోడ్డు పక్క చేను వాడికొచ్చింది, దాని వెనకది నాకొచ్చింది. వాడి గట్టు మీదుగా నాకు బండి దారి వదలాలని నాన్న నోటిమాటగా చెప్పాడు. నోటిమాటే కాబట్టి, నాన్న పోయిన మరుసటేడే అక్కడ తుమ్మకంప పడింది. మిర్చి కోతలప్పుడు కూలీలు బస్తాలు నెత్తిన పెట్టుకుని వాగులో దిగి చుట్టూ తిరిగి రావాలి. వాన పడితే అదీ లేదు. కల్లంలో కాయ తడిసి, రంగు పోయి తాలైపోతుంటే, ఆ కంచె వంక చూస్తూ నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

ఇక సీసా సంగతి. నాన్న పొగాకు రైతు. ఆయన కుర్రతనంలో పొగాకు కొనడానికొచ్చిన ఒక దొర జీపు మా ఊరి దగ్గర చెడిపోతే, అది బాగయ్యేదాకా దొర మా ఇంట్లోనే ఉన్నాడట. వెళ్తూ వెళ్తూ తన పెట్టెలోంచి తీసి ఈ సీసా ఇచ్చాడు. ఫ్రాన్సు దేశపు ద్రాక్ష బ్రాందీ. ఆ దొర తాత కాలంలో పీపాలోంచి సీసాలోకి దించినది. నాన్న జన్మలో మందు ముట్టలేదు. అయినా దాన్ని బీరువాలో పంచెల వెనక నిలబెట్టి ఉంచాడు. ఎప్పుడైనా మీరిద్దరూ కలిసి కూర్చుని తెరవండిరా అనేవాడు. పంపకాల్లో చెంబులూ పలుగులూ కూడా పంచుకున్నాం. సీసాని ఎలా పంచాలో పెద్దమనుషులకి తోచక, పెద్దవాడి దగ్గర ఉండనిమ్మన్నారు.

పెద్దవాడికి దాని విలువేం తెలుసు? నాకు తెలుసు. నేను హైదరాబాదులో పెద్ద హోటల్లో గ్లాసులు తుడిచే పనిలో చేరి, బారు మొత్తం చూసుకునేదాకా ఎదిగి, రిటైరై ఊరికొచ్చినవాణ్ణి. పాత బ్రాందీలు చాలా తెరిచాను. అతిథికి పోసే ముందు కాస్త నోట్లో పోసుకుని, నాలుకంతా తిప్పి, బాగుందో లేదో చూసి ఉమ్మేయాలి. అది ఆ వృత్తిలో మర్యాద. మింగుతూ పోతే సాయంత్రానికి మనిషి పనికి రాడు. అన్ని తెరిచినా ఇంత పాతది నా చేతికి రాలేదు. అదీ సగం నాది. నేను గడప తొక్కని ఇంట్లో ఉంది. దారి సంగతి తలుచుకుంటే కోపం వచ్చేది. సీసా సంగతి తలుచుకుంటే కడుపు మండేది.

కబురు తెచ్చింది మా పక్కింటాయన. వరసకి బాబాయి, నా దావాలో మొదటి సాక్షి. మా అన్నకి మార్కెట్ యార్డు పదవి మీద కన్ను పడింది. అది ఇప్పించగల పెద్ద నాయకుడొకాయన మధ్యాహ్నం భోజనానికి వస్తున్నాడు. ఆయనకి పాత మందుల పిచ్చి. సీసా ఉందని ఎవరో ఆయన చెవిన వేశారు. తీరా చూస్తే లక్క కింద బిరడా ఎంత పాతదో, లాగితే పొడి పొడై లోపల పడుతుందేమోనని తెరిచే ధైర్యం ఎవరికీ లేదు. కాబట్టి తమ్ముడు రావాలి. వస్తే దారి సంగతి కూడా మాట్లాడుకోవచ్చని వాడు అన్నాడట.

నేను కాసేపు ఆలోచించి, వస్తాను, తెరుస్తాను, రుచి చూసి చెబుతాను, కానీ మింగను అన్నాను. నోట్లో పోసుకుని ఉమ్మేస్తే తాగినట్టా కాదా అని బాబాయినే అడిగాను. ఆయన తలపాగా తీసి మళ్ళీ చుట్టుకుని, "గొంతు దిగితేనే తాగినట్టురా అబ్బాయ్. నేను ఎదురుగా కూచుని చూస్తాగా" అన్నాడు. ఇంట్లో మా ఆవిడకి మాత్రం దారి మాట తేలుతుందేమోనని వెళ్తున్నానన్నాను. అబద్ధం. నేను వెళ్ళింది బ్రాందీ కోసం.

నా గ్లాసు నేనే పట్టుకెళ్ళాను, మూతి దగ్గర సన్నబడే చిన్న గ్లాసు. బిరడా తీసే రెండు రేకుల పనిముట్టు, వడకట్టడానికి పలచటి గుడ్డ, మా ఇంటి నీళ్ళ సీసా, ఉమ్మడానికి మూత ఉన్న టిఫిను గిన్నె కూడా సంచిలో వేసుకున్నాను. హాల్లో కూర్చుని ఆ గిన్నె పక్కన పెట్టుకోగానే మా వదిన దాని వంక చూసింది. మనింట్లో కూచుని మనది ఉమ్ముతాడంట అని వంటింట్లోకి వినపడేట్టు అంది. హోటల్లో మర్యాద అయినది ఆ గడపలో మొహాన ఉమ్మడంతో సమానమని నాకు తెలియక కాదు. తెలిసే పట్టుకెళ్ళాను. ఒట్టూ నిలుస్తుంది, వాడి పరువూ పోతుందని లోలోపల సంతోషంగా కూడా ఉంది.

హాలు చూస్తేనే ఒళ్ళు మండింది. నాయకుడితో దిగిన ఫొటో అంతకు ముందు రోజే ఫ్రేము కట్టించినట్టుంది, మూలల కాగితం కూడా తీయలేదు. బల్ల మీద కోడి వేపుడు, జీడిపప్పు, సోడాలు, బకెట్టుడు ఐసు. నాయకుడు సోఫా నిండా కూర్చుని, బ్రాందీ ఎంత పాతబడితే అంత రుచి అని బాబాయికి పాఠం చెబుతున్నాడు. సీసాలోకి వెళ్ళాక బ్రాందీకి వయసు పెరగదండీ, చెక్క పీపాలో ఉన్నన్నాళ్ళే పెరుగుతుంది అన్నాను. ఆయన నన్ను తేరిపార చూసి, గోవాలో మా స్నేహితుడొకడు వేరేగా చెప్పాడే అన్నాడు. మీ స్నేహితుడికి తెలియదు అన్నాను. మా అన్న మొహం మాడిపోయింది. నాకది భోజనం పెట్టినంత హాయిగా ఉంది.

అప్పుడు సీసా తెచ్చారు. గోనెపట్టాలో చుట్టి ఉంది. నాయకుడే చెయ్యి వేసి పట్టా విప్పుతుండగానే ఘాటు ముక్కుకి కొట్టింది. మిర్చి ఘాటు. పట్టా అంతా ఎర్రటి పొడి, సీసా మెడ మీద కూడా ఎర్రగా పేరుకుని ఉంది. ఇదెక్కడ పెట్టారని అడిగాను.

"కోల్డ్ స్టోరేజీలో. మన టిక్కీల మధ్య" అన్నాడు అన్న, అదేదో తెలివైన పని చేసినట్టు.

సంగతేమంటే, సీసా పెట్టిన షోకేసు పక్కనే పూజగది ఉందని, సారా సీసా ఇంట్లో ఉండటానికి వీల్లేదని వదిన పట్టుబట్టింది. నరసరావుపేట రోడ్డులో వాడికి వాటా ఉన్న కోల్డ్ స్టోరేజీ ఉంది. టిక్కీలంటే మిర్చి బస్తాలు, వాటితో పాటు దీన్నీ ఒక మూల నిలబెట్టి వచ్చాడు. మా వాళ్ళకి అదొక అలవాటు. చింతపండు, విత్తనాలు, పెళ్ళికి కొన్న బాదంపప్పు, చెడిపోకూడదనుకున్నది ఏదైనా మిర్చి టిక్కీల పక్కకి చేరాల్సిందే. నాన్న పంచెల వెనక దాచుకున్న సీసా, దొర తాతల నాటి బ్రాందీ, మిరపకాయల కోరులో, ఆ ఘాటు దుమ్ములో ఇన్నేళ్ళుంది. బిరడాలోంచి లోపలికి ఆ ఘాటు దిగకుండా ఉంటుందా? అదే నిమిషంలో వాడితో అనాల్సిన మాట కూడా సిద్ధం చేసుకున్నాను. నాన్న ఇచ్చిన దారి మూశావు, నాన్న ఇచ్చిన సీసా చెడగొట్టావు. నాయకుడి ముందు, బాబాయి ముందు, ఈ మాట అని లేచి వచ్చేయాలి. దావాలో గెలిచినా అంత తృప్తి ఉండదు.

తడిగుడ్డతో సీసా అంతా తుడిచి, చేతులు కడుక్కుని, బిరడా మీది లక్క చాకు మొనతో గీరాను. లక్క గట్టిగానే ఉంది. రెండు రేకులూ బిరడాకి అటూ ఇటూ దించి, మెల్లగా తిప్పుతూ లాగాను. సగం వచ్చి విరిగింది. మిగతాది పొడి పొడిగా తీసి, గుడ్డలో వడకట్టి పోశాను. తేనె రంగు కాదు, ఇంకా ముదురు, కాచిన బెల్లం పాకం రంగు. నాయకుడి గ్లాసులో ఐసు వేయబోతుంటే మా అన్న చెయ్యి పట్టుకుని ఆపాను. చాలా ఏళ్ళ తర్వాత వాణ్ణి ముట్టుకోవడం అదే. వెంటనే వదిలేశాను.

నాయకుడు వాసన చూసి, ఇందులో ఘాటుంది, ఫ్రెంచివాళ్ళు స్పైసీ నోట్ అంటారు అన్నాడు. అది మీరు పట్టా ముట్టుకున్న వేళ్ళదండీ అన్నాను. ఆయన చెయ్యి లాగి పంచెకి తుడుచుకున్నాడు.

నేను గ్లాసు గడ్డం దగ్గర పెట్టి, దూరం నుంచే వాసన చూశాను. ముక్కు లోపలికి పెడితే సారా తప్ప ఏమీ తెలియదు. మిర్చి కోసం వెతికాను. రావాలని కోరుకున్నాను. మాగిన సీతాఫలం వచ్చింది. ఎండుద్రాక్ష వచ్చింది. గ్లాసు కదపకుండా ఇంకాసేపు ఆగితే, వెనక నుంచి పొగాకు కాల్చి ఆరబెట్టే బ్యారన్ తలుపు తీసినప్పటి వాసన వచ్చింది. పచ్చి ఆకు కాదు, పండి, ఎండి, మూటకట్టే ముందు నాన్న ముక్కు దగ్గర పెట్టుకుని చూసే ఆకు. మిర్చి లేదు. ఎంత వెతికినా లేదు.

ఒక గుక్క నోట్లో పోసుకున్నాను.

మొదట ఏమీ తెలియలేదు, నీళ్ళంత మెత్తగా ఉంది. తర్వాత నాలుక పక్కల నుంచి వేడి మొదలై అంగిట్లోకి పాకింది. మండటం లేదు, వెచ్చబడుతోంది. అక్రోటు పప్పు మీది పలచటి తోలు చేదు, దాని వెనక నారింజ తొక్క, ఆ వెనక మళ్ళీ ఆ పొగాకు. ఒకటి పోయిందనుకుంటే ఇంకొకటి. నేను పుట్టక ముందే, నాన్న పుట్టక ముందే ఎవరో పీపాలో పోసి, తమకి దక్కదని తెలిసీ వదిలి వెళ్ళిన పండు ఇంకా అందులో ఉంది. ఎదురుగా బాబాయి కళ్ళు నా గొంతు మీదే ఉన్నాయి. గిన్నె మూత తీసే ఉంది. ఉమ్మాలి. వంగాను కూడా.

సరిగ్గా అప్పుడే వదిన వచ్చి, బల్ల కింద పడి ఉన్న గోనెపట్టా తీసి, గుమ్మం దగ్గర దులిపింది. పైన ఫ్యాను తిరుగుతోంది. ఎర్రటి దుమ్ము హాలంతా లేచింది. నాయకుడు దగ్గుతూ సోఫాలో ముందుకి వాలిపోయాడు. బాబాయి తుమ్మి తుమ్మి తలపాగాతో కళ్ళు మూసుకున్నాడు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పరిగెత్తింది.

ఆ కోరుకి ఉక్కిరిబిక్కిరై గొంతు దిగిందని చెప్పుకుంటే ఎవరైనా నమ్ముతారు. నేనే నమ్మడానికి ప్రయత్నించాను. కానీ నాకు దగ్గు వచ్చింది మింగాక. దుమ్ము నా దాకా రాకముందే, ఉమ్మడానికి వంగిన తల ఎత్తి, కళ్ళు మూసుకుని, మింగాను. నెమ్మదిగా, రెండు సార్లుగా. ఎవరూ చూడని ఆ ఒక్క క్షణం దొరికింది, వాడుకున్నాను. ఆ రుచిని టిఫిను గిన్నెలో ఉమ్మడం నా వల్ల కాలేదు.

కళ్ళు తెరిచేసరికి మా అన్న నన్నే చూస్తున్నాడు. వాడు దగ్గలేదు. కోల్డ్ స్టోరేజీలో టిక్కీల మధ్య తిరిగే మనిషికి ఆ దుమ్ము ఒక లెక్కా? నా మొహం వంక కాదు, నా గొంతు వంక చూస్తున్నాడు.

అప్పుడొచ్చింది నాకు దగ్గు. దగ్గుతూ మా ఇంటి నీళ్ళు నోట్లో పోసుకుని, పుక్కిలించి, అందరికీ వినపడేట్టు గిన్నెలో ఉమ్మాను. బాబాయి కళ్ళు తుడుచుకుని గిన్నె వంక చూసి, తృప్తిగా తలూపాడు. అన్న నోరు విప్పితే నా దావా ఆ హాల్లోనే అయిపోయేది. నేను ఎదురు చూశాను. వాడు ఏమీ అనలేదు. నాయకుడి వీపు నిమిరి, మంచినీళ్ళు ఇచ్చి, తర్వాత నా వైపు తిరిగి, ఎట్టా ఉందని మాత్రం అడిగాడు.

నేను సిద్ధం చేసుకున్న మాట ఎక్కడికి పోయిందో తెలియదు. చెడిపోలేదు అన్నాను. నాయకుడు ఊరుకోలేదు, ఎందుకు చెడిపోలేదో చెప్పమన్నాడు. చెప్పక తప్పలేదు. చల్లగా, చీకట్లో, ఎండ తగలకుండా, నిలబెట్టి ఉంచడం వల్ల, లక్క పగలకపోవడం వల్ల అన్నాను. అదే నా దగ్గర ఉండి ఉంటే నేనేం చేసేవాణ్ణో నాకు తెలుసు. ఊళ్ళో అందరికీ కనపడేట్టు ముందు గదిలో అద్దాల బీరువాలో పెట్టేవాణ్ణి. మా రేకుల ఇంట్లో, మాచర్ల వైపు ఎండలకి, లక్క పగిలి, బిరడా ఎండి, సగం గాలికి పోయేది. పనంతా తెలిసిన నేను చెడగొట్టేవాణ్ణి, ఏమీ తెలియని వాడు కాపాడాడు. మీ అన్నయ్య గొప్ప పని చేశాడండీ అని నాయకుడు నాతోనే వాణ్ణి మెచ్చుకున్నాడు. ఆయన గ్లాసులో మిగిలింది సోడా పోసుకుని తాగేశాడు.

భోజనానికి నేను లేవలేదు. సంచి సర్దుకుని బయటికొచ్చాను. బాబాయి ముందు నడుస్తున్నాడు. గేటు దగ్గర అన్న వెనకే వచ్చి, తలుపు గడియ పట్టుకుని, బాబాయికి వినపడకుండా అన్నాడు.

"దగ్గుకి మింగలా నువ్వు."

నేను సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను.

"ఎవరికీ చెప్పన్లే, ఫో."

వాడు నన్ను కొట్టినా అంత బాధ ఉండేది కాదు. పది మందిలో నా ఒట్టు గంగలో కలిపి, దావా కొట్టించి, పండగ చేసుకోవాల్సిన మనిషి. ఎందుకు చెప్పలేదు? నా మీద దయ తలిచాడా? వాడి దయ నాకెందుకు? లేక చెప్పకుండా దాచుకుని, బతికినంతకాలం నన్ను తన గుప్పిట్లో ఉంచుకుందామనా? ఏదైనా సరే, ఆ రోజు నుంచి వాడంటే ఇదివరకటి కన్నా ఎక్కువ అసహ్యం పట్టుకుంది నాకు. ఇంటికెళ్ళగానే మా ఆవిడ, ఏమీ ముట్టలేదుగా అని అడిగింది. ముట్టలేదన్నాను. దారి మాట ఏమైందంది. దాని గురించి ఎవరూ ఎత్తలేదని అప్పుడు గుర్తొచ్చింది. వెళ్ళిన వాళ్ళెవరికీ అది గుర్తు లేదు, నాతో సహా.

యార్డు పదవి వాడికి రాలేదు. కంచె అలాగే ఉంది. బాబాయి కోర్టు బోనెక్కి, మావాడు ఆ ఇంట్లో చుక్క ముట్టని మొండివాడని వకీలు అడగకపోయినా చెప్పాడు. నేను తల వంచుకుని నా చెప్పుల వంక చూసుకున్నాను. అవతల బెంచీ మీద కూర్చున్న వాడు ఏం చూస్తున్నాడో తలెత్తకుండానే నాకు తెలుసు. ప్రతి వాయిదాకీ అంతే. వరండాలో ఎదురైతే కళ్ళలోకి చూడడు. గొంతు వంకే చూస్తాడు.

మొన్నటి వాయిదా రోజున జడ్జిగారు రాలేదు. ఎండ దంచుతోంది, వరండాలో ఒక్కటే నీడ. వాడూ నేనూ ఆ నీడలోనే నిలబడాల్సి వచ్చింది. తర్వాత వాడు గేటు వంక చూస్తూ అన్నాడు.

"సీసాలో చానా ఉందిరా ఇంకా. మళ్ళీ బిరడా వేసి టిక్కీల్లోనే పెట్టా."

"ముందు కంచె తియ్యి" అన్నాను.

"ముందు దావా తియ్యి" అన్నాడు.

నేను మొహం తిప్పుకున్నాను. నోట్లో నీళ్ళూరాయి. మింగాను. అది కూడా చూశాడు.